ట్రాన్స్‌కోనా ధాన్యాగారం

ట్రాన్స్‌కోనా ధాన్యాగారం కెనడా దేశంలోని మానిటోబా రాష్ట్రంలో, విన్నిపెగ్ నగరానికి ఈశాన్యంగా సుమారు 11 కిలోమీటర్ల దూరంలో, కెనడియన్ పసిఫిక్ రైల్వే సంస్థ నిర్మించిన గోధుమల నిల్వ కేంద్రము. 1911లో మొదలైన దీని నిర్మాణం 1913లో పూర్తయినది. అదే సంవత్సరం అక్టోబరు 18న, మొదటిసారిగా ధాన్యంతో నింపుతున్న సమయంలో, గాదెల భవనం మొత్తం నేలలోకి కుంగి, పడమటి దిక్కుకు దాదాపు 27 డిగ్రీలు ఒరిగిపోయినది. గాదెల గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. లోపం భవనం కింద, మంచుయుగం నాటి సరస్సు అడుగున పేరుకున్న మెత్తని బంకమట్టిలో ఉన్నదని తరువాత జరిగిన పరిశోధనలో రుజువయినది.

పునాదుల వైఫల్యాలలో ఇంత స్పష్టంగా నమోదైన ఉదాహరణలు చాలా తక్కువ. భవనం బరువు, నింపిన గోధుమల పరిమాణం, ఒరిగిన కోణం, నేల పొరల బలం అన్నీ తెలిసినందువలన మృత్తికా యాంత్రిక శాస్త్రపు పాఠ్యపుస్తకాలలో ఈ సంఘటనకు స్థిరమైన చోటు లభించినది. నేల ఉపరితలాన్ని చూసి లోపలి పొరలను అంచనా వేయరాదు అనే నియమానికి దీనిని ముఖ్య నిదర్శనంగా చూపుతారు.

నిర్మాణ నేపథ్యం

ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలో పశ్చిమ కెనడా మైదానాలలో గోధుమ సాగు వేగంగా విస్తరించినది. పంట కోతల తరువాత ధాన్యమంతా రైళ్ళలో విన్నిపెగ్ మీదుగా తూర్పు రేవులకు తరలిపోయేది. కోతల కాలంలో విన్నిపెగ్ రైల్వే యార్డులలో వ్యాగన్లు కిక్కిరిసిపోయేవి. ఈ రద్దీని తగ్గించడానికి రైల్వే సంస్థ నగరం వెలుపల ఉత్తర ట్రాన్స్‌కోనాలో కొత్త యార్డును, దానితోపాటు పది లక్షల బుషెళ్ళ సామర్థ్యం గల ధాన్యాగారాన్ని నిర్మించినది. గోధుమల విషయంలో ఒక బుషెల్ అంటే 60 పౌండ్లు, అనగా సుమారు 27 కిలోలు.

ఈ కేంద్రంలో రెండు ప్రధాన భాగాలు ఉండేవి. మొదటిది ధాన్యాన్ని దింపుకొని, తూచి, శుభ్రపరిచే పని భవనం. రెండవది ధాన్యాన్ని నిల్వ చేసే గాదెల భవనం. రెండింటికీ వేరువేరు పునాదులు వేశారు. ప్రమాదానికి గురైనది గాదెల భవనం.

గాదెల భవనం వివరాలు

* గుండ్రని గాదెలు: 65 (వరుసకు 13 చొప్పున 5 వరుసలు)
* గుండ్రని గాదెల నడుమ ఖాళీలలో ఏర్పరచిన చిన్న గాదెలు: 48
* గాదెల ఎత్తు: 92 అడుగులు (సుమారు 28 మీటర్లు)
* పునాది కొలతలు: 195 అడుగుల పొడవు, 77 అడుగుల వెడల్పు (సుమారు 59.5 x 23.5 మీటర్లు)
* పునాది రకం: ఉక్కు చువ్వలు వేసిన కాంక్రీటు రాఫ్టు, మందం 2 అడుగులు
* పునాది లోతు: నేల మట్టం నుండి సుమారు 12 అడుగులు (3.7 మీటర్లు)
* ఖాళీ భవనం బరువు: సుమారు 18,000 మెట్రిక్ టన్నులు

భవనం అడుగు భాగమంతటా ఒకే పలకగా పరచిన పునాదిని రాఫ్టు పునాది అంటారు. నీటిపై తెప్ప వలె ఇది భారాన్ని విశాలమైన నేలపై సమానంగా పంచుతుంది. గాదెలన్నీ ఒకే కాంక్రీటు కట్టడంగా ఉండి, కింద ఒకే పలకపై నిలిచినందువలన భవనమంతా ఒక బండరాయి వలె దృఢంగా ఉండేది. ఒరిగినప్పుడు విరిగిపోకుండా ఉండడానికి ఈ దృఢత్వమే కారణమయినది.

నిర్మాణానికి ముందు జరిగిన పరీక్ష

1911 నాటికి నేల బలాన్ని లెక్కకట్టే శాస్త్రం ఇంకా రూపుదిద్దుకోలేదు. చుట్టుపక్కల ఉన్న పాత కట్టడాలు ఎంత బరువు మోస్తున్నవో చూసి, గుంత అడుగున ఒక చిన్న పరీక్ష చేసి పునాదిని నిర్ణయించడం అప్పటి ఇంజనీర్ల అలవాటు. ట్రాన్స్‌కోనాలోనూ అదే జరిగినది. పునాది కోసం తవ్విన గుంత అడుగున ఒక చిన్న పలకను ఉంచి, దానిపై బరువులు పేర్చి, నేల ఎంత దిగుతున్నదో కొలిచారు. దీనిని పలక భార పరీక్ష అంటారు. చదరపు అడుగుకు 4 నుండి 5 టన్నుల వరకు, అనగా చదరపు మీటరుకు సుమారు 40 నుండి 50 మెట్రిక్ టన్నుల వరకు, నేల భరించగలదని ఆ పరీక్షలో తేలినది. నిండు గాదెల భవనం నుండి నేలపై పడే ఒత్తిడి ఇంతకంటే తక్కువే. అందువలన పునాది క్షేమమని భావించారు.

పరీక్షలో కొలిచిన విలువలో తప్పు లేదు. ఆ పరీక్ష గుంత అడుగునకు దగ్గరగా ఉన్న గట్టి మట్టిని మాత్రమే పరీక్షించినది. దాని కిందనున్న మెత్తని పొర సంగతి పరీక్షకు అందలేదు.

1913 అక్టోబరు 18

1913 సెప్టెంబరులో గాదెలలో గోధుమలు నింపడం ప్రారంభమయినది. ధాన్యాన్ని ఒకే పక్కకు చేర్చకుండా అన్ని గాదెలకూ సమానంగా పంచుతూ నింపారు. అక్టోబరు 18 నాటికి సుమారు 8,75,000 బుషెళ్ళు, అనగా మొత్తం సామర్థ్యంలో ఎనిమిదింట ఏడు వంతులు నిండినవి.

ఆ రోజున భవనం కుంగుతున్నట్లు గమనించారు. కదలిక కనిపించిన తరువాత ఒక గంటలోపే భవనమంతా దాదాపు ఒక అడుగు సమానంగా దిగిపోయినది. తరువాత పడమటి వైపుకు ఒరగడం మొదలయినది. ఈ కదలిక ఒక్కసారిగా కూలినట్లు కాక, మెల్లగా, ఆగకుండా, సుమారు 24 గంటల పాటు సాగినది. భవనం నిలిచిపోయే సమయానికి నిట్టనిలువు నుండి 26 డిగ్రీల 53 నిమిషాల కోణంలో వాలి ఉన్నది. పీసా వాలు గోపురం అత్యధికంగా ఒరిగినప్పుడు కూడా దాని వాలు సుమారు ఐదున్నర డిగ్రీలు మాత్రమే.

పునాది వెడల్పు 23.5 మీటర్లు కనుక, ఇంత వాలు వద్ద తూర్పు అంచుకు, పడమటి అంచుకు మధ్య ఎత్తులో 10 మీటర్లకు పైగా తేడా వస్తుంది. పడమటి అంచు నేలలో లోతుగా కూరుకుపోగా, తూర్పు అంచు తన మొదటి మట్టం కంటే పైకి లేచినది. భవనం కింద నుండి నెట్టబడిన మట్టి చుట్టూ ఉబ్బెత్తుగా పొంగినది. గాదెల పైభాగంలో ధాన్యాన్ని పంచే యంత్రాలు ఉన్న కట్టడం కూలిపోయినది. గాదెల గోడలలో మాత్రం పైపై బీటలు తప్ప పెద్ద నష్టం జరగలేదు. విడి పునాదిపై ఉన్న పని భవనం నిలిచే ఉన్నది.

తిరిగి నిలబెట్టడం

గాదెలు గట్టిగా ఉన్నందువలన భవనాన్ని పడగొట్టకుండా తిరిగి నిలబెట్టాలని నిర్ణయించారు. ముందుగా గోధుమలను బయటకు తీసి బరువు తగ్గించారు. ఖాళీ చేసిన తరువాత కూడా కదిలించవలసిన బరువు సుమారు 18,000 టన్నులు. ఈ పని 1914లో జరిగినది.

భవనాన్ని నిలబెట్టడంలో రెండు పనులు కలిసి సాగినవి. ఎత్తుగా ఉన్న తూర్పు వైపున పునాది కింది మట్టిని క్రమంగా తవ్వి తీస్తూ ఆ వైపును దిగనిచ్చారు. పడమటి వైపున జాకీలతోను, ఏటవాలు దూలాలతోను భవనాన్ని నెట్టారు. దానితోపాటు పునాది కింద గుంతలు తవ్వి, మెత్తని మట్టిని దాటుకొని, అడుగున ఉన్న సున్నపురాయి వరకు కాంక్రీటు స్తంభాలను దించారు. భవనం నిటారుగా వచ్చిన తరువాత దాని భారమంతా ఈ స్తంభాల మీదుగా రాతికి చేరినది.

ఈ విధంగా నిలిచిన భవనం తన మొదటి మట్టం కంటే కొన్ని మీటర్ల లోతున ఉన్నది. అయినప్పటికీ తిరిగి వాడుకలోకి వచ్చి, అనేక దశాబ్దాల పాటు గోధుమలను నిల్వ చేసినది. మొదటి సారి భవనాన్ని మట్టిపై నిలపగా కొద్ది వారాలకే ఒరిగినది. రెండవ సారి అదే భవనాన్ని, అదే చోట, రాతిపై నిలపగా స్థిరంగా ఉండిపోయినది.

అగాసీ సరస్సు, విన్నిపెగ్ నేల

ట్రాన్స్‌కోనా నేల స్వభావం అర్థం కావాలంటే ఆ ప్రాంతపు మంచుయుగ చరిత్ర తెలియాలి. గడచిన మంచుయుగంలో కెనడాలో అత్యధిక భాగాన్ని లారెంటైడ్ హిమఫలకం కప్పి ఉండేది. వాతావరణం వేడెక్కి మంచు ఉత్తరానికి వెనుదిరిగినప్పుడు, కరిగిన నీరు ఉత్తరాన మంచుగోడకు, దక్షిణాన ఎత్తైన నేలకు మధ్య చిక్కుకొని విశాలమైన సరస్సుగా ఏర్పడినది. 1879లో అమెరికా భూవిజ్ఞాని వారెన్ అఫమ్ దీనికి మంచుయుగ సిద్ధాంతాన్ని ప్రచారంలోకి తెచ్చిన లూయీ అగాసీ పేరు పెట్టాడు. ఈ సరస్సు కొన్ని వేల సంవత్సరాలు నిలిచి, సుమారు 8,000 సంవత్సరాల క్రితం అంతరించినది. నేటి విన్నిపెగ్ సరస్సు, మానిటోబా సరస్సు మొదలైనవి దాని అవశేషాలు.

విన్నిపెగ్ నగరం ఈ పాత సరస్సు అడుగునే నిర్మితమయినది. అక్కడి మైదానం బల్లపరుపుగా ఉండడానికి కారణం కూడా అదే. ఆ ప్రాంతంలో నేలను పై నుండి కిందికి తవ్వుకుంటూ పోతే సాధారణంగా ఈ క్రింది పొరలు కనిపిస్తాయి.

* పై మట్టి: సేంద్రియ పదార్థం గల నల్లని మట్టి, లేదా మనుషులు పోసిన పూడిక.
* గోధుమరంగు బంకమట్టి: పలుచని పొరలు పొరలుగా ఉంటుంది. ఎండకు ఎండి, చలికి గడ్డకట్టి, మళ్ళీ కరిగి గట్టిపడినది.
* బూడిదరంగు బంకమట్టి: ఎన్నడూ ఎండనిది, నీటితో నిండినది, మెత్తనిది. తేలే మంచుగడ్డల నుండి జారిపడిన రాళ్ళు అక్కడక్కడ ఉంటాయి.
* టిల్: హిమఫలకం నేరుగా వదిలిపోయిన రాళ్ళు, ఇసుక, మట్టి కలిసిన పొర. చాలా చోట్ల గట్టిగా ఉంటుంది.
* సున్నపురాయి: ట్రాన్స్‌కోనా వద్ద సుమారు 15 మీటర్ల లోతున తగులుతుంది.

నీరు ఇంకిపోయిన చెరువు అడుగున నడిచినవారికి ఈ అమరిక సులభంగా అర్థమవుతుంది. పైన పెచ్చు కట్టిన మట్టి మనిషి బరువును మోస్తుంది. ఆ పెచ్చు కింద చేయి పెడితే బురద తగులుతుంది. అగాసీ సరస్సు బంకమట్టిలో పై పొర ఇటువంటి పెచ్చే, కాకపోతే దాని మందం కొన్ని మీటర్లు ఉన్నది. ట్రాన్స్‌కోనా పునాది గుంత ఆ పెచ్చు మధ్యలోనే ముగిసినది.

ఈ బంకమట్టికి మరో లక్షణం కూడా ఉన్నది. ఇందులో తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే మాంట్‌మోరిల్లొనైట్ వర్గపు ఖనిజాలు ఎక్కువ. తెలుగు రాష్ట్రాలలోని నల్లరేగడి భూములు వేసవిలో నెర్రెలు విచ్చడానికి, వానలకు ఉబ్బడానికి కారణం ఇదే వర్గపు ఖనిజాలు. రెండు నేలలూ పుట్టిన తీరు వేరు. నల్లరేగడి అధికంగా నల్లరాతి శిథిలం నుండి, వెచ్చని వాతావరణంలో ఏర్పడినది. అయినా చిన్న ఇళ్ళ పునాదులను, గచ్చులను పగులగొట్టే విషయంలో విన్నిపెగ్ మట్టి, నల్లరేగడి ఒకే విధంగా ప్రవర్తిస్తాయి.

హిమానీ మృత్తికలలోని రకాలు

హిమానీనదాల వలన, వాటి నీటి వలన పేరుకున్న నేలలను హిమానీ మృత్తికలు అంటారు. వీటిలో ప్రధానమైన రకాలు ఇవి.

* టిల్: మంచు స్వయంగా వదిలిన మట్టి. నీరు జల్లెడ పట్టనందువలన ఇందులో బంకమట్టి మొదలు పెద్ద బండల వరకు అన్నీ కలిసి ఉంటాయి. మంచు బరువు కింద అణగినది చాలా గట్టిగా ఉంటుంది. మంచు కరుగుతూ జారవిడిచినది వదులుగా ఉండవచ్చు.
* ప్రవాహ నిక్షేపాలు: కరిగిన నీటి వాగులు మోసుకొచ్చిన ఇసుక, గులకరాళ్ళు. ఇవి సాధారణంగా మంచి పునాది నేలలు. అయితే వీటి గుండా నీరు సులభంగా పారుతుంది కాబట్టి గుంత తవ్వితే నీటి ఊట సమస్య వస్తుంది.
* సరస్సు నిక్షేపాలు: నిలకడ నీటిలో పేరుకున్న మెత్తని బంకమట్టి, సన్నని ఒండ్రు. వేసవిలో ఒండ్రు, చలికాలంలో బంకమట్టి ఒకదానిపై ఒకటి పేరుకొని ఏడాదికి ఒక జత చొప్పున చారలుగా కనిపిస్తాయి. ఇటువంటి జతలను వార్వులు అంటారు.
* సముద్ర నిక్షేపాలు: హిమానీనదాల ముంగిట ఉప్పునీటిలో పేరుకున్న బంకమట్టి. తరువాతి కాలంలో నేల పైకి లేచి, వాననీటికి ఉప్పు కడుక్కుపోతే ఇది అత్యంత అస్థిరంగా మారవచ్చు.

ఒకే స్థలంలో ఈ రకాలన్నీ ఒకదాని కింద ఒకటి ఉండడం సాధారణం. మంచు ముందుకు వచ్చి, వెనుకకు పోయి, మళ్ళీ వచ్చిన చోట మెత్తని పొర రెండు గట్టి పొరల మధ్య చిక్కుకొని ఉండవచ్చు. పొరల మందం కూడా కొద్ది మీటర్ల దూరంలోనే మారిపోతుంది.

తెలుగు ప్రాంతాలలో మంచుయుగం నాటి హిమానీ మృత్తికలు లేవు. ప్రాణహిత-గోదావరి లోయలో తాల్చేర్ శిలాసమూహానికి చెందిన గుండ్రాళ్ళ పొరలు హిమానీ నిక్షేపాలే. అయితే అవి దాదాపు 30 కోట్ల సంవత్సరాల నాటివి, ఏనాడో రాతిగా గట్టిపడినవి.

కారణాన్వేషణ

ప్రమాదం జరిగినప్పుడు దాని కారణాన్ని లెక్కలతో నిరూపించే సాధనాలు లేవు. కార్ల్ టెర్జాగీ (1883-1963) మృత్తికా యాంత్రిక శాస్త్రానికి పునాది వేసిన గ్రంథాన్ని 1925లో ప్రచురించాడు. తరువాతి పాతికేళ్ళలో బంకమట్టి భారవహన సామర్థ్యాన్ని లెక్కించే సూత్రాలు వచ్చినవి. ఆ సూత్రాలు నిజమా కాదా అని తేల్చడానికి నిజంగా విఫలమైన పెద్ద కట్టడం ఒకటి కావలసి వచ్చినది. చిన్న నమూనాలపై చేసే ప్రయోగాలు ఇందుకు సరిపోవు.

ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ పెక్ (1912-2008) ట్రాన్స్‌కోనాను ఇందుకు ఎంచుకున్నాడు. పెక్ జన్మస్థలం విన్నిపెగ్. 1951లో ధాన్యాగారం సమీపంలో, ప్రమాదం వలన చెదరని నేలలో బోరు రంధ్రాలు తవ్వి, మట్టి నమూనాలను చెదరకుండా తీసి పరీక్షించారు. పై గోధుమరంగు మట్టి బలంతో పోలిస్తే కింది బూడిదరంగు మట్టి బలం సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే ఉన్నదని తేలినది. రెండు పొరల బలాన్ని పరిగణించి సూత్రం ద్వారా లెక్కించిన అంతిమ భారవహన సామర్థ్యం, 1913లో ప్రమాద సమయాన నేలపై పడిన భారానికి దగ్గరగా వచ్చినది. పెక్, బ్రయంట్ కలిసి వ్రాసిన ఈ పరిశోధనా పత్రం 1953లో జియోటెక్నిక్ పత్రికలో వెలువడినది. ప్రమాదాన్ని కళ్ళారా చూసిన ఎల్. స్కాట్ వైట్ కథనం కూడా అదే సంవత్సరం అదే పత్రికలో వచ్చినది. 1957లో బరాకోస్ మరొక అధ్యయనాన్ని ప్రచురించాడు.

భారపు లెక్క

ప్రమాద సమయంలో నేలపై పడిన ఒత్తిడిని సులభంగా లెక్కించవచ్చు.

* ఖాళీ భవనం: సుమారు 18,000 మెట్రిక్ టన్నులు
* గోధుమలు: 8,75,000 బుషెళ్ళు, బుషెల్ 27.2 కిలోల చొప్పున సుమారు 23,800 టన్నులు
* మొత్తం: సుమారు 42,000 టన్నులు
* పునాది వైశాల్యం: సుమారు 1,400 చదరపు మీటర్లు
* ఒత్తిడి: చదరపు మీటరుకు సుమారు 30 టన్నులు

పలక పరీక్ష చూపిన 40 నుండి 50 టన్నులతో పోలిస్తే ఇది సురక్షితంగానే కనిపిస్తుంది. కాని నేల 30 టన్నుల వద్దే లొంగిపోయినది.

ఈ లెక్కలో మరొక విషయం గమనించదగినది. సాధారణ భవనాలలో భారంలో ఎక్కువ పాలు భవనం సొంత బరువే. అది నిర్మాణం సాగే నెలల పాటు నెమ్మదిగా పెరుగుతుంది. ధాన్యాగారంలో సగానికి పైగా భారం నిల్వ చేసే వస్తువుదే. అది కొద్ది వారాలలో పూర్తిగా వచ్చి పడుతుంది. బంకమట్టిపై భారం పడినప్పుడు దాని రంధ్రాలలోని నీరు మెల్లగా బయటకు పోతూ మట్టి క్రమంగా బలపడుతుంది. అయితే దీనికి నెలలు, సంవత్సరాలు పడుతుంది. ట్రాన్స్‌కోనాలో మట్టికి ఆ వ్యవధి దొరకలేదు. అందుకే ధాన్యాగారాలు, చమురు తొట్లు మెత్తని నేలపై నిర్మించినప్పుడు మొదటిసారి నింపే సమయాన్ని అత్యంత కీలకమైనదిగా పరిగణిస్తారు.

చిన్న పలక, పెద్ద పునాది

నేలపై ఉంచిన బరువు ప్రభావం లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది. ఎంత లోతు వరకు చెప్పుకోదగినంతగా ఉంటుందనేది బరువు ఆనిన వెడల్పుపై ఆధారపడుతుంది. సాధారణంగా వెడల్పుకు రెండింతల లోతు వరకు ఈ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అర మీటరు వెడల్పు గల పలక కింద ఈ లోతు ఒక మీటరు మాత్రమే. అక్కడంతా గట్టి పెచ్చు మట్టే ఉన్నది. 23.5 మీటర్ల వెడల్పు గల రాఫ్టు కింద ఈ లోతు 47 మీటర్లు. అంటే భవనపు ఒత్తిడి గట్టి మట్టినీ, మెత్తని మట్టినీ, టిల్‌నూ దాటి సున్నపురాయి వరకు వ్యాపించినది.

ఒత్తిడి పెరిగి మట్టి కోత బలాన్ని మించినప్పుడు, పునాది కింది మట్టి ఒక వంపు తలం వెంబడి జారి పక్కకు, పైకి నెట్టబడుతుంది. ఏ కొద్ది తేడా వలననైనా ఒక వైపు ముందుగా లొంగితే భవనం ఆ వైపుకు ఒరుగుతుంది. ఒరిగేకొద్దీ ఆ అంచుపై భారం పెరిగి కదలిక మరింత సాగుతుంది. గాదెలను సమానంగా నింపినా భవనం ఒక వైపుకే ఒరగడానికి కారణం ఇది.

అందువలన పొరలు పొరలుగా ఉన్న నేలలో పలక భార పరీక్ష ఫలితాన్ని పెద్ద పునాదికి నేరుగా వర్తింపజేయరాదని నేటి ఇంజనీరింగ్ నియమావళులు హెచ్చరిస్తాయి.

ఇటువంటి ఇతర సంఘటనలు

షికాగో: మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ నగరంలో కూడా గట్టి పెచ్చు కింద మెత్తని హిమానీ బంకమట్టి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు ఎత్తైన భవనాలను ఆ పెచ్చుపైనే వెడల్పాటి పునాదులతో నిర్మించారు. 1891లో పూర్తయిన మొనాడ్‌నాక్ భవనం కాలక్రమంలో దాదాపు అర మీటరు కుంగినది. 1894 నాటి స్టాక్ ఎక్స్ఛేంజి భవనంలో కొంత భాగానికి, చేతితో బావి వలె తవ్వి కాంక్రీటు నింపే లోతైన స్తంభాలను తొలిసారి వాడారు. తరువాత ఇవి షికాగో కైసన్లు అనే పేరుతో ప్రసిద్ధమయినవి.

ఫార్గో: అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో, విన్నిపెగ్‌కు దక్షిణాన ఉన్న ఫార్గో నగరం కూడా అగాసీ సరస్సు బంకమట్టిపైనే ఉన్నది. అక్కడ 1954లో నిర్మించిన ధాన్యాగారం 1955 జూన్ 12న పూర్తిగా కూలిపోయినది. కారణం ఇక్కడ కూడా పునాది కింది బంకమట్టి భారవహన సామర్థ్యం చాలకపోవడమే. ట్రాన్స్‌కోనా ప్రమాదం జరిగి అప్పటికి దాదాపు 42 సంవత్సరాలు గడచినవి. పెక్, బ్రయంట్‌ల పత్రం వెలువడి రెండేళ్ళు గడచినవి.

రిస్సా: నార్వేలో 1978 ఏప్రిల్ 29న జరిగిన ఈ సంఘటనలో భారం చాలా చిన్నది. ఒక వ్యవసాయ కొట్టాన్ని పెంచడానికి పునాది తవ్వి, తీసిన మట్టిని సమీపంలోని సరస్సు ఒడ్డున పోశారు. ఆ నేల ఉప్పు కడుక్కుపోయిన సముద్రపు బంకమట్టి. కదిలితే ద్రవం వలె పారే ఈ మట్టిని క్విక్ క్లే అంటారు. ఒడ్డున మొదలైన జారుడు వెనుకకు పాకి, సుమారు 33 హెక్టార్ల భూమి, దానిపై ఉన్న ఇళ్ళు, పొలాలు సరస్సులోకి జారిపోయినవి. ఒకరు మరణించారు.

స్థల పరిశోధన

హిమానీ మృత్తికలు గల స్థలంలో భవనం నిర్మించే ముందు నేటి కాలంలో పాటించే ప్రధాన పద్ధతులు ఇవి.

* బోరు రంధ్రాలు: భవనపు ఒత్తిడి చేరే లోతు వరకు, లేదా నమ్మదగిన గట్టి పొర తగిలే వరకు, స్థలంలో పలు చోట్ల తవ్వుతారు. పొరల మందం త్వరత్వరగా మారుతుంది కాబట్టి ఒక్క రంధ్రం చాలదు.
* ప్రామాణిక చొచ్చుకుపోయే పరీక్ష: 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుండి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడినవో లెక్కిస్తారు. ఇసుక నేలలలో ఇది బాగా ఉపయోగపడుతుంది. టిల్‌లో ఒక రాయి అడ్డుపడినా దెబ్బల సంఖ్య పెరిగి, నేల ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది.
* చెదరని నమూనాలు: పలుచని గోడ గల ఉక్కు గొట్టాన్ని మట్టిలోకి నొక్కి నమూనా తీస్తారు. ప్రయోగశాలలో దాని కోత బలాన్ని, కుంగే స్వభావాన్ని కొలుస్తారు.
* రెక్కల పరీక్ష: మెత్తని బంకమట్టిలోకి నాలుగు రెక్కలు గల కడ్డీని దింపి తిప్పుతారు. మట్టి తెగడానికి కావలసిన బలం నుండి కోత బలం తెలుస్తుంది.
* భూగర్భజలం: నీటి మట్టాన్ని, లోతు పొరలలోని నీటి ఒత్తిడిని కొలుస్తారు. బంకమట్టి కింద ఒత్తిడితో ఉన్న నీటి పొర ఉంటే, గుంత లోతుగా తవ్వినప్పుడు గుంత అడుగు ఉబ్బి పగిలే ప్రమాదం ఉన్నది.
* రాతి నిర్ధారణ: టిల్‌లో ఇల్లంత బండలు కూడా ఉంటాయి. బోరుకు తగిలినది బండా, అసలు రాతి పొరా అనేది తేల్చడానికి రాతిలోకి మరికొన్ని మీటర్లు తవ్వి చూస్తారు.

ఈ వివరాలను బట్టి రాఫ్టు చాలునా, రాతి వరకు పైల్స్ దించాలా, లేక మెత్తని మట్టిని ముందుగానే బలపరచాలా అనేది నిర్ణయిస్తారు. విన్నిపెగ్ ప్రాంతంలో బరువైన కట్టడాలకు టిల్ వరకు లేదా సున్నపురాయి వరకు దించిన పైల్స్, స్తంభాలు వాడడం సాధారణం. ట్రాన్స్‌కోనాలో 1914లో భవనం కింద నిలిపిన స్తంభాలు చేసిన పని కూడా ఇదే. నిర్మాణానికి ముందు పదిహేను మీటర్ల లోతు వరకు బోర్లు వేసి ఉంటే, మెత్తని పొర, దాని అడుగున ఉన్న రాయి రెండూ అప్పుడే తెలిసేవి.

ఇవి కూడా చూడండి

* మృత్తికా యాంత్రిక శాస్త్రం
* కార్ల్ టెర్జాగీ
* హిమానీనదం
* మంచుయుగం
* పీసా వాలు గోపురం
* నల్లరేగడి నేల
* విన్నిపెగ్